తిమింగిలాన్ని మింగేది

వెంకీ రామకృష్ణన్ 2024లో వెలువరించిన ‘వై వుయ్ డై’ పుస్తకాన్ని ఇక్కడ పరిచయం చేయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చిదంబరంలో పుట్టి, బరోడాలో భౌతికశాస్త్రం చదివి, తరవాత జీవశాస్త్రం వైపు మళ్ళి, రైబోజోమ్ ఆకృతిని తేల్చినందుకు 2009లో నోబెల్ బహుమతి పంచుకున్న శాస్త్రవేత్త ఆయన. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లను తయారుచేసే యంత్రం. జీవితమంతా తయారీశాలను పరిశీలించిన మనిషి వృద్ధాప్యం మీద పుస్తకం రాస్తూ, ప్రోటీన్లను విరగ్గొట్టే యంత్రానికి కూడా తగినన్ని పేజీలు కేటాయించడం నాకు నచ్చింది. ఆ యంత్రం పేరు ప్రొటియాసోమ్. నేను వైద్యకళాశాలలో చేరిన రోజుల్లో మా పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు లేదు. ఇప్పుడు దాన్ని ఆపే మందును నా చేతులతో రోగులకు ఇస్తున్నాను.

అదే పుస్తకంలో దీర్ఘాయువు గల జంతువుల ముచ్చట వస్తుంది. ఉత్తర ధ్రువసముద్రంలో బతికే బోహెడ్ తిమింగిలం రెండువందల ఏళ్ళు దాటి జీవించగలదు. వయసుమీరే కొద్దీ మన కణాల్లో పేరుకునే చెత్త, అంత పెద్ద శరీరంలో, అన్నేళ్ళపాటు, ఎలా అదుపులో ఉంటోంది? ఈ ప్రశ్న పట్టుకుని నేను పక్కదారి పట్టాను. ఆ పక్కదారి ముచ్చటే ఈ వ్యాసం. పుస్తకం గురించి ఒక్క మాట: కొనుక్కుని చదవదగ్గది. అమరత్వం అమ్ముకునేవాళ్ళ మీద ఆయన చూపిన మర్యాదతో కూడిన అపనమ్మకం ఒక్కటి చాలు.

తిమింగిలం అనగానే ధ్రువసముద్రం దాకా వెళ్ళనక్కరలేదు. యాంగోన్ నుంచి తూర్పుగా పోతే మార్తబాన్ సింధుశాఖ తగులుతుంది. అక్కడ సిట్టాంగ్, బిలిన్ నదుల మధ్య సముద్రంలో కలిసే ఒక పాయ ఉంది. పాత ఇంగ్లీషు గ్రంథాల్లో దాని పేరు థేబ్యూ చౌంగ్. చౌంగ్ అంటే బర్మాభాషలో వాగు. 1871లో 37 అడుగుల తిమింగిలం ఒకటి ఆ వాగులోకి దారితప్పి వచ్చింది. పోటుతో వచ్చింది, పాటుతో వెనక్కి పోలేకపోయింది. కొట్టుకుని కొట్టుకుని అలసి, ఏనుగులా ఘీంకరించిందనీ, ఆ అరుపు మైళ్ళ దూరం వినపడిందనీ నాటి కథనం. కలకత్తా ఇండియన్ మ్యూజియంను చూస్తున్న జాన్ ఆండర్సన్ అనే స్కాట్లండు జంతుశాస్త్రజ్ఞుడు ఈ సంగతి తెలిసి సహాయకుణ్ణి పంపించి, కొన్ని వెన్నుపూసలు, మరికొన్ని చిన్న ఎముకలు తప్ప తక్కిన అస్థిపంజరమంతా సేకరించాడు. యునాన్ యాత్రల జంతుశాస్త్ర ఫలితాలను వివరించే తన గ్రంథంలో దాన్ని కొత్త జాతిగా వర్ణించి, అప్పటి బర్మా చీఫ్ కమిషనరుగా పనిచేసిన ఆష్లీ ఈడెన్ పేరు మీద బాలెనాప్టెరా ఈడెనై అని నామకరణం చేశాడు.

అంటే ప్రపంచంలోని ఉష్ణసముద్రాలన్నింటిలో తిరిగే ఒక తిమింగిలజాతికి శాస్త్రంలో జన్మస్థలం, మా ఊరికి ఆవలి బురదవాగు. ఆ తరవాత దక్షిణాఫ్రికా తీరంలో దొరికిన దాని చుట్టానికి 1913లో బ్రైడ్ అనే నార్వే వ్యాపారి పేరు పెట్టారు. ఈ రెండూ ఒకే జాతా, రెండు జాతులా అన్న తగవు నేటికీ తెగలేదు. ఆ గుంపులోంచే అనుకున్న కొన్నింటిని 2003లో జపాను శాస్త్రజ్ఞులు ఒమూరా తిమింగిలమనీ, 2021లో మెక్సికో సింధుశాఖలోని వాటిని రైస్ తిమింగిలమనీ విడదీశారు. పేరు పెట్టిన దొరా, పెట్టించుకున్న దొరా పోయారు. ఎముకలు కలకత్తా చేరాయి. తగవు మాత్రం మిగిలింది.

బర్మాభాషలో తిమింగిలాన్ని వేల-ఙా అంటారు. ‘ఙా’ అంటే చేప, ‘వేల’ ఇంగ్లీషు ‘వేల్’కు వచ్చిన రూపం. సగం అరువు. మనది పూర్తిగా సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటే అయినా అందులో ఒక బొమ్మ ఉంది. తిమి ఒక మహామత్స్యం. దాన్ని మింగేది తిమింగిలం. నిఘంటువులు అక్కడితో ఆగలేదు, తిమింగిలాన్ని కూడా మింగేది ఒకటుందని తిమింగిలగిలం అన్నాయి. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు తరగతి అంతా నవ్వింది. ఆ గొలుసుకు అంతెక్కడ అని మాలో ఒకడు అడిగితే, ‘ఆకలి ఉన్నంత దూరం’ అన్నారాయన. మత్స్యన్యాయం అంటూ మనం రాజనీతికి వాడుకునే పోలిక కూడా ఈ గొలుసులోదే.

రఘువంశం పదమూడో సర్గలో, లంక నుంచి తిరిగి వస్తున్న రాముడు పుష్పకం మీది నుంచి సీతకు సముద్రాన్ని చూపిస్తాడు. ఆ వర్ణనలో తిములున్నాయి. నదీముఖాల దగ్గర నోళ్ళు తెరుచుకుని, ప్రాణులతో సహా నీటిని లోపలికి తీసుకుని, నోళ్ళు మూసి, తలమీది రంధ్రాల గుండా నీటిధారలను పైకి చిమ్ముతాయంటాడు కాళిదాసు. మెదకు సీమకు చెందిన కొలచెలమ మల్లినాథసూరి వ్యాఖ్య పక్కన పెట్టుకుని కాళిదాసును చదివిన తరాల వాళ్ళకు ఈ శ్లోకం కొత్త కాదు. నాకు కొత్తగా తెలిసినది వేరొకటి. థాయిలాండ్ సింధుశాఖ పైభాగంలో ఈడెన్ తిమింగిలాలు నీటి మీదికి తలెత్తి, నోరు బార్లా తెరిచి, కదలకుండా నిలిచి, చిన్నచేపలు తమంతట తామే నోట్లోకి వచ్చి పడేదాకా కాచుకుంటాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. సాధారణంగా ఈ వర్గం తిమింగిలాలు చేపలగుంపు మీదికి దూసుకుపోతాయి. కాచుకోవడం అపూర్వమని వాళ్ళ ఆశ్చర్యం. ఆ వార్త చదివిన రోజు నేను బీరువాలోంచి రఘువంశం తీశాను. కాళిదాసు ఒక్కచోట పొరబడ్డాడు, రంధ్రంలోంచి వచ్చేది మింగిన నీరు కాదు, ఊపిరి. కానీ నదీముఖం, తెరిచిన నోరు, ప్రాణులతో కూడిన నీరు – ఈ మూడూ చూసినవాడెవడో చెప్పకపోతే కవికి అందేవి కావనిపిస్తుంది.

సరే, మింగడం అయింది. లోపలికి పోదాం.

తిన్న చేప పొట్టలో అరగడం అందరికీ తెలిసిన సంగతి. కణం తన ప్రోటీన్లను తానే అరిగించుకోవడం మాత్రం చాలాకాలం ఎవరికీ తట్టలేదు. శరీరం ఒక ఇల్లనీ, తిండి అందులో కాలే కట్టె అనీ, ఇటుకలు మాత్రం కదలవనీ అనుకునేవారు. నత్రజని ఐసోటోపులతో గుర్తువేసిన అమైనో ఆమ్లాలను ఎలుకలకు పెట్టి, ఆ ఇటుకలు కూడా నిరంతరం మారుతున్నాయని నిరూపించినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. హిట్లరు జర్మనీ నుంచి అమెరికాకు వెళ్ళిపోయిన ఈ శాస్త్రజ్ఞుడు 1941లో తన చేతులతోనే తన ప్రాణం తీసుకున్నాడు. ఆయన ఉపన్యాసాలు ‘ద డైనమిక్ స్టేట్ ఆఫ్ బాడీ కాన్‌స్టిట్యుయెంట్స్’ అనే చిన్న పుస్తకంగా 1942లో వచ్చాయి. వైద్యుడు కాని పాఠకుడు కూడా చదవగల పుస్తకమది.

కూల్చే పని జరుగుతోంది, సరే, కూల్చేదెవరు? ఇక్కడొక వింత ఎదురైంది. ప్రోటీన్ విరిగితే శక్తి వెలువడాలి, ఖర్చు కాకూడదు. అయినా కణం తన ప్రోటీన్లను విరగ్గొట్టడానికి శక్తి కావాలని మెల్విన్ సింప్సన్ 1953లో కాలేయపు ముక్కల మీద గమనించాడు. ఆ శక్తికి నాణెం ఏటీపీ. ఈ చోట తెలుగు పాఠకుడు ఒక్క క్షణం నిలబడవచ్చు: ఆ నాణేన్ని 1929లో హార్వర్డులో కనుగొన్న జంటలో ఒకరు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. రెండోవారు ఆయన గురువు సైరస్ ఫిస్కె. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నాడు. కూల్చడానికి కూలి ఎందుకు ఇవ్వాలో తెలియడానికి మరో పాతికేళ్ళు పట్టింది. ఏ ప్రోటీన్‌ను కూల్చాలో దానికి ముందు గుర్తు వేయాలి, ఆ గుర్తు వేయడానికి శక్తి కావాలి. మడతలు విప్పి లోపలికి లాగడానికి మళ్ళీ శక్తి కావాలి. గుర్తుగా వాడేది యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిట్టి ప్రోటీన్. ఈ గుర్తుల లిపిని చదివినందుకు హైఫాకు చెందిన చెహనోవర్, హెర్ష్కో, ఫిలడెల్ఫియాకు చెందిన ఇర్విన్ రోజ్ 2004లో రసాయనశాస్త్ర నోబెల్ పొందారు.

గుర్తుపడిన ప్రోటీన్ చేరే చోటు ప్రొటియాసోమ్. పీపాను ఊహించుకోండి. నాలుగు ఉంగరాలు ఒకదానిమీద ఒకటి పేర్చితే పీపా అయింది. ప్రతి ఉంగరంలో ఏడేసి ముక్కలు. మొత్తం ఇరవై ఎనిమిది. బయటి రెండు ఉంగరాలూ ఆల్ఫా ముక్కలవి, లోపలి రెండూ బీటావి. కత్తులు బీటా ముక్కల్లో మూడింటికే ఉన్నాయి, అవి కూడా పీపా లోపలి వైపుకు తిరిగి ఉంటాయి, బయట తిరిగేవాళ్ళకు తగలకుండా. ఆల్ఫా ముక్కల తోకలు పీపా మూతిని మూసి ఉంచుతాయి. దాని మీద దాదాపు ఇరవై ముక్కలతో కట్టిన టోపీ వచ్చి కూర్చుంటేనే ఆ మూత తెరుచుకుంటుంది. టోపీలో కొన్ని ముక్కలు గుర్తును పట్టుకుంటాయి, ఒకటి ఆ గుర్తును కోసి తీసి మళ్ళీ వాడకానికి బయటికి వదిలేస్తుంది, మరో ఆరు ఏటీపీని ఖర్చుపెడుతూ ప్రోటీన్ మడతలు విప్పి దారంలా లోపలికి తోస్తాయి. అవతలి వైపు రాలేవి చిన్నచిన్న తునకలు. వాటిని మరికొన్ని ఎంజైములు అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. రైబోజోమ్ వాటిని మళ్ళీ తీసుకుంటుంది. కొన్ని తునకలను కణం తన తలుపు మీద ప్రదర్శనకు పెడుతుంది. లోపల వైరస్ చేరిందో లేదో వాటిని చూసి రక్షకకణాలు గ్రహిస్తాయి. ఇంటిముందు పడేసిన చెత్తను చూసి లోపల ఏం వండారో చెప్పే మా వీధి పెద్దమ్మ వంటివి అవి.

ఇప్పుడు తిమింగిలం సంగతి. ఈడెన్ తిమింగిలానికి దగ్గర చుట్టమైన మింకె తిమింగిలం జీనోమ్‌ను 2014లో కొరియా శాస్త్రజ్ఞుల బృందం ప్రచురించింది. అటువంటి జీనోముల నుంచి తయారైన జాబితాలు ఎవరైనా చూడవచ్చు. ఒక రాత్రి డ్యూటీలో, రోగులు నిద్రపోతున్న వేళ, నేను చూశాను. ప్రొటియాసోమ్ ఆల్ఫా ఉపభాగం ఒకటో రకం, రెండో రకం, మూడో రకం… బీటా ఉపభాగం ఒకటో రకం, రెండో రకం… ఏడూ ఏడూ పద్నాలుగు, తరవాత టోపీ ముక్కలు. మనిషి జాబితాలో ఏ పేర్లున్నాయో అవే పేర్లు. ఆ పేర్ల లెక్క కూడా తిమింగిలాల పేర్ల తగవులాగే ఉంటుంది: జన్యువుల జాబితాలో ఆరో బీటా అనేది పీపా లెక్కలో ఒకటో బీటా, ఏడోది రెండోది, అయిదోది మాత్రం అదృష్టవశాత్తు అయిదోదే. ఇద్దరు గుమస్తాలు వేరువేరుగా రాసుకున్న దస్తరాలను ఎవరూ కలపలేదు.

ఆ జాబితాలో చాలా పేర్ల పక్కన ‘ఊహించినది’ అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. తిమింగిలం కణంలోంచి ఆ పీపాను తీసి ఎవరో చూసి రాసింది కాదు. డీఎన్ఏ వరుసను కంప్యూటరు మనిషి వరుసతో, ఎలుక వరుసతో పోల్చి, ఇది అదే అయివుండాలని రాసినది. నాకు ఇందులో లోపం కనిపించలేదు, ఒక విధమైన వినయం కనిపించింది. పోలిక చూసి ఇంటిపేరు చెప్పడం మన పల్లెల్లో పెద్దలు చేసే పనే, వాళ్ళు తప్పడం అరుదు. వేడినీటి బుగ్గల్లాంటి చోట్ల బతికే థర్మోప్లాస్మా అనే సూక్ష్మజీవిలో కూడా ఇదే పీపా ఉంది, కాకపోతే అక్కడ ఒకే రకం ఆల్ఫా, ఒకే రకం బీటా. 1995లో దాని ఆకృతినే మొదట చూశారు. రెండేళ్ళకు ఈస్టు పీపాను చూశారు, అక్కడ ఏడు రకాలు, ఏడు రకాలు. ఈస్టు నుంచి తిమింగిలం దాకా ఆ అమరిక మారలేదు. యుబిక్విటిన్ అయితే ఈస్టుకూ మనకూ 76 అక్షరాల్లో మూడే తేడా.

ఇది చూసి కొంచెం నిరాశపడ్డానని చెప్పాలి. రెండువందల ఏళ్ళ ఆయుర్దాయానికి రహస్యం ఏదో ఒక ముక్కలో దొరుకుతుందని లోలోపల ఆశ. పత్రికలవాళ్ళకు ఇటువంటివి ఇష్టం, ‘తిమింగిలం రహస్య జన్యువు’ అని శీర్షిక పెట్టేస్తారు. 2015లో ప్రచురించిన బోహెడ్ జీనోమ్‌లో ఆసక్తికరమైన మార్పులు కనిపించినవి డీఎన్ఏ మరమ్మతు చేసే జన్యువుల్లో. 2025లో మరో బృందం, చలిలో పెరిగే ఒక ప్రోటీన్ బోహెడ్ కణాల్లో అధికంగా ఉండి, తెగిన డీఎన్ఏను అతికించడంలో తోడ్పడుతున్నదని చూపింది. పీపా మాత్రం పాత పీపాయే. అయితే యంత్రం ఒకటే అయినా నడిపే జోరులో తేడా ఉండవచ్చు. ముప్పై ఏళ్ళు దాటి బతికే ఆఫ్రికా నగ్నచుంచు కాలేయంలో ప్రొటియాసోమ్ చురుకుదనం మామూలు ఎలుక కంటే ఎక్కువని కొలిచారు. టోపీలోని ఒకే ఒక ముక్కను ఎక్కువగా తయారయ్యేలా చేస్తే చిన్న నులిపురుగులు ఎక్కువ కాలం బతికాయని 2012లో చూపారు. కాబట్టి ప్రశ్న ‘ఏ కత్తి’ అని కాదు, ‘ఎంత శ్రద్ధగా’ అని.

శ్రద్ధగా చెత్త ఎత్తడమన్న మాట రాగానే ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాడికి గుర్తురావలసింది మరొకటుంది. రంగూన్‌లో మనవాళ్ళను కోరంగీలు అనేవారు. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దిగువన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు కాబట్టి ఆ పేరు. రేవులో బస్తాలు మోసినవాళ్ళు వాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు వాళ్ళు, మునిసిపాలిటీ తరఫున వీధులూడ్చి, పాయిఖానాలు ఎత్తినవాళ్ళలో అత్యధికులు వాళ్ళు. ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో అచ్చువేసిన ‘ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్’ చదివితే ఆ బతుకు కొంత తెలుస్తుంది. ఆ పుస్తకానికి మూడేళ్ళ ముందు, 1930 మేలో, కూలి పెంచమని తెలుగు రేవుకూలీలు సమ్మె చేయడం, వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకుని సమ్మె తీరగానే వాళ్ళను తీసేయడం, దాని మీద చెలరేగిన అల్లర్లలో మనవాళ్ళు పెద్దసంఖ్యలో చనిపోవడం చరిత్ర. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు నగరం మీద బాంబులు వేశాయి, రెండు రోజులకు మళ్ళీ వేశాయి. ఊడ్చేవాళ్ళు, మోసేవాళ్ళు ఉత్తరానికీ పడమటికీ నడిచి వెళ్ళిపోయారు. అప్పుడు తెలిసింది నగరానికి, వాళ్ళు రోజూ ఏం చేస్తుండేవారో. చెత్త ఎక్కడిదక్కడ నిలిచిపోయింది, శవాలు ఎత్తేవారు లేరు. గవర్నరు మనుషులను పంపి వాళ్ళను బతిమాలి వెనక్కి రప్పించవలసి వచ్చింది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కంటే ముందు ఒక రోగి నోట తెలిసింది. ఆనవాలు పట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఆయన బట్టలు కుట్టే మనిషి. తండ్రి యుద్ధానికి ముందు రంగూన్ మునిసిపాలిటీలో ఊడ్చే పని చేసి, బాంబులప్పుడు కాకినాడ వైపు వెళ్ళిపోయి, యుద్ధం ముగిశాక మళ్ళీ వచ్చాడు. ఈయన ఇక్కడే పుట్టాడు. చదువు బర్మాభాషలో, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. కానీ ఆ మాట మాత్రం ఎనభై ఏళ్ళ క్రితం ఓడ దిగిన గోదావరి మాట, ‘అండి’ లేకుండా వాక్యం ముగియదు. నడుము నొప్పితో వచ్చాడు. ఎముకల్లో రంధ్రాలు, మూత్రపిండాలు దెబ్బతినడం, రక్తంలో ఒకే రకం ప్రోటీన్ కుప్పలుగా ఉండడం: మైలోమా.

మైలోమా కణం మంచి తయారీదారు. యాంటీబాడీలు తయారుచేయవలసిన తెల్లకణమే అది, అదుపుతప్పి ఒకే యాంటీబాడీని రాత్రింబగళ్ళు తయారుచేస్తుంది. అంత తయారీలో మడత సరిగా పడనివి కూడా అంతే. వాటిని ఎప్పటికప్పుడు ప్రొటియాసోమ్‌లో వేయకపోతే కణం తన చెత్తలో తానే ఊపిరాడక చస్తుంది. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజోమిబ్ అనే మందు చేసేది ఇదే. దానిలోని బోరాన్ పరమాణువు ముఖ్యంగా అయిదో బీటా ముక్క కత్తికి అతుక్కుని దాన్ని మొద్దుబారుస్తుంది. విచిత్రమేమంటే, హార్వర్డులో ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ బృందం ఇలాంటి మందుల కోసం బయలుదేరింది మైలోమా కోసం కాదు, జబ్బుమనుషుల్లో కండరాలు కరిగిపోకుండా ఆపడానికి.

ఇదంతా రోగికి ఎలా చెప్పాలి? ఒంట్లో ప్రతి కణానికీ పాకీపని చేసేవాళ్ళున్నారనీ, ఈ సూదిమందు వాళ్ళను కొన్నాళ్ళు ఆపుతుందనీ అన్నాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, ‘అయితే ఊడ్సేవోళ్ళ సేత పని మాన్పించేత్తారన్నమాటండి. మురికెక్కువున్న ఈదే ముందల కుళ్ళిపోద్దండి’ అన్నాడు. తరవాత తండ్రి చెప్పిన డిసెంబరు ముచ్చట చెప్పాడు. ఈ మందు పనితీరును అంత క్లుప్తంగా చెప్పిన వాక్యం నాకు వైద్యపత్రికల్లో దొరకలేదు. మంచి కణాలు కూడా ఇబ్బంది పడతాయి, కానీ చెత్త తక్కువ ఉన్నవి కాబట్టి ఓర్చుకుంటాయి. మైలోమా కణం ఓర్చుకోలేదు.

ఓర్చుకోలేని మంచి కణాలు కూడా కొన్నున్నాయి, నరాలు. మూడో విడత ముగిసేసరికి ఆయన అరికాళ్ళు మొద్దుబారాయి, తరవాత వేళ్ళు. రక్తపరీక్షలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆయన మాత్రం సూది పట్టుకుంటే ఉందో లేదో తెలియడం లేదన్నాడు. కుట్టుపని మానేస్తే ఏమవుతుంది, ప్రాణం ముఖ్యం కదా అని కొడుకు. తండ్రి ఏమీ అనలేదు, చొక్కా గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలుపడ్డాడు, కొడుకు సాయం రాబోతే చెయ్యి తోసేశాడు. వారానికి రెండు సూదుల బదులు ఒకటికి మార్చాను, మోతాదు తగ్గించాను. అలా చేస్తే నరాలకు హాని తగ్గుతుందని తెలుసు. రోగం మళ్ళీ తల ఎత్తదని హామీ ఇవ్వలేననీ చెప్పాను. మందు సీసాలు అప్పట్లో దొరకడం కష్టంగా ఉండేది. దొరికినవి హైదరాబాదులో తయారైనవి. సీసా మీద ఊరి పేరు చదివి వినిపిస్తే ‘మనోళ్ళేనా అండి’ అని దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

కొన్ని నెలలకు వేళ్ళల్లో స్పర్శ కొంత తిరిగి వచ్చింది. దానితోపాటు మరో ఫిర్యాదు: సూదిబెజ్జం కనిపించడం లేదు. ఇది నా మందు పని కాదు, శుక్లాలు. కంటివైద్యుల దగ్గరికి పంపాను.

బోహెడ్ తిమింగిలం వయసు ఎలా తెలిసిందో చెప్పవలసింది ఇక్కడే. 2007లో అలాస్కా తీరంలో వేటాడిన ఒక తిమింగిలం మెడలో పాత పేలుడు ఈటె ముక్క దొరికింది; అటువంటివి పంతొమ్మిదో శతాబ్దం చివర మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫోర్డులో తయారైనవి. దాన్ని బట్టి ఆ తిమింగిలానికి నూరేళ్ళు దాటాయని తెలిసింది. కానీ అసలు గడియారం కంట్లో ఉంది. ఒంట్లోని దాదాపు ప్రతి ప్రోటీన్ కూలి మళ్ళీ కట్టబడుతుండగా, కంటి కటకం నడిబొడ్డున ఉన్నవి మాత్రం తల్లికడుపులో తయారైనవే. అక్కడి కణాలు వెలుతురుకు అడ్డురాకుండా తమ సామగ్రి అంతా వదులుకుంటాయి, ఆ ప్రోటీన్లను ఎవరూ మార్చరు. అమైనో ఆమ్లాలకు ఎడమచేతి రూపం, కుడిచేతి రూపం ఉన్నాయి. జీవులు ఎడమచేతి రూపంతో ప్రోటీన్లు కడతాయి. ఏళ్ళు గడిచే కొద్దీ, మార్పిడి లేని చోట, అస్పార్టిక్ ఆమ్లం కొంచెం కొంచెంగా కుడివైపుకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిస్తే వయసు. 1999లో అలా లెక్కవేసిన బోహెడ్లలో ఒక మగదానికి 211 ఏళ్ళని వచ్చింది, ముప్పై అయిదేళ్ళు అటూ ఇటూ. అదే నిజమైతే, అది పుట్టినప్పుడు రంగూన్ ఇంకా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కలేదు.

కూల్చివేతకు లోనుకాని ఆ ప్రోటీన్లే ముసలితనంలో ఒకదానికొకటి అంటుకుని మసకబారితే శుక్లం.

రెండో కన్ను ఆపరేషను అయ్యాక ఆయన వచ్చి, తీసేసిన పాతకన్ను ఏం చేస్తారండి అని అడిగాడు. పారేస్తారన్నాను. సముద్రంలో ఒక పెద్దచేప ఉందనీ, దాని వయసు తెలియాలంటే ఆ ముక్కను దాచి కొలుస్తారనీ చెప్పాను. ఆయన గుర్తింపుకార్డు మీద ఉన్న పుట్టినతేదీ జనవరి ఒకటి. తండ్రి తిరిగివచ్చిన ఏడాదా, మరుసటి ఏడాదా అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు; దస్తావేజు రాసిన గుమస్తా తన ఇష్టం వచ్చింది వేశాడు.

‘ముందే సెప్పుంటే అడిగి తెచ్చుకునేవోణ్ణి కదండి’ అన్నాడు.